నీలి పువ్వు, రాతి మీద నీ పేరు

శాంతా,

రేపు సమాధుల పండుగ. గడ్డి పీకి, సున్నం వేయడానికి ఈ ఉదయం నీ చెల్లెలు సుగుణతో కలిసి నీ సమాధి దగ్గరకు వచ్చాను. నీ పేరు చెక్కిన రాతి ముందు విష్ణుక్రాంతం పూసింది. శనగగింజంత నీలి పువ్వు. దారిలో అది కనిపిస్తే నువ్వు సంచులు కింద పెట్టి మరీ చూసేదానివి.

చిన్నవాటిని దగ్గరగా ఫోటో తీయడం నేర్చుకుంటున్నాను. ఎనుమాముల మార్కెట్ యార్డులో పని ముగిశాక ఒళ్లు సహకరించదు. అయినా రాత్రి కళాశాలలో పట్టా సాధించినవాడికి ఇదెంత అనుకున్నాను. పువ్వూ, నీ పేరూ ఒకే ఫోటోలో రావాలని బోర్లా పడుకున్నాను. పువ్వు స్పష్టంగా వస్తే పేరు మసకబారింది. పేరు కుదిరితే పువ్వు నీలి మరకగా మిగిలింది.

"బావా, ఇస్త్రీ అంగీ అంత మట్టయింది. జర లే, గడ్డి పీకాలె," అంది సుగుణ.

"రెండూ కలిసి వస్తలెవ్వు."

ఆమె నా పక్కన కూర్చుని చూసింది.

"అక్క పేరు మనకెరుకే గదా. పువ్వునే తియ్యి."

పువ్వునే తీశాను. ఆ ఒక్క మొక్కను వదిలి గడ్డంతా పీకాం. నేను సున్నం వేస్తుంటే, ఆ పువ్వు మీద చుక్క పడకుండా సుగుణ అరచెయ్యి అడ్డం పెట్టింది.