సంచిలో పట్టని కంప్యూటర్

తమ్ముడు వైసలేకి,

అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ కొంటానని, సోలార్ కరెంటు తక్కువ తింటుందని రాశావు. నిజమే. కానీ నీ మేనకోడలి చదువుకి పెద్ద టవర్ డబ్బాయే పంపు.

మన దీవి సంగతి నీకు తెలియనిదా? చుట్టాలెవరొచ్చి "కెరెకెరె అక్కా, ఇది నాకిచ్చెయ్యవూ" అని ఆ మాటతో అడిగినా, ఆనవాయితీ తప్పి లేదనలేం. చిన్నదైతే సంచిలో వేసుకుని పడవెక్కేస్తారు. పెద్దదాన్ని మోయలేక ఇక్కడే కూర్చుని వాడుకుంటారు. టీ నేను పెడతాలే.

"ఎవరడుగుతారే, మరీ చోద్యం!" అని మీ బావ నవ్వాడు. పోయిన క్రిస్మస్‌కి నా రేడియో అడిగి సువా పట్నానికి పట్టుకెళ్ళింది నువ్వేనని గుర్తుచేశాను.

బాగా పాడుతోందా అది? ఈ డబ్బాని మాత్రం నువ్వు పట్టుకుపోలేవు. ముచ్చటపడితే ఇక్కడికే రావాలి, నాలుగు రోజులుండాలి.

నీ అక్క