పుస్తకాలకు ఒకరోజు సెలవు

ఆత్మకూరులో ఉన్న మా అక్క సుబ్బమ్మ పాదాలకు మొక్కి, చెన్నపట్నం నుంచి తమ్ముడు పెంచలయ్య రాసుకునేది. దేవుని దయవల్ల ఇక్కడ నా ఒళ్లు బాగానే ఉంది. నువ్వూ, బావా, అవ్వా, పిల్లలూ ఎట్లా ఉన్నారో రాయించు. ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న మన చర్చి ఉపదేశిగారికి నమస్కారాలు. అయ్యా, కొంచెం గట్టిగా చదవండి. తనకు చెవుడు లేదని మా అక్క పోట్లాటకు వస్తే నా పేరు చెప్పండి.

అక్కా, నీ కళ్లకు పొర కమ్ముతోందని పోయిన ఉత్తరంలో బావ రాయించాడు. "మనిషి మొకం ఇంకా తెలస్తా ఉండాది. వచ్చే ఏటికి తెలస్తాదో లేదో. వచ్చేదేదో ఇప్పుడే రారా" అని నువ్వన్న మాట కూడా ఉన్నదున్నట్టు రాయించాడు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని తిరిగినదానివి నువ్వు. నీకు చూపు ఉండగానే ఒకసారి వచ్చి నీ ఎదుట నిలబడాలి. ఇప్పుడు నాకు వేరే కోరిక లేదు.

మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని తిడతావు. తిట్టే ముందు విను.

నేను పనిచేసే కాలేజీ పుస్తకశాలలో బీరువాలు కప్పు దాకా ఉంటాయి. చదువుకునేవాళ్లు పుస్తకం పేరు చీటీ మీద రాసిస్తే బంట్రోతులు తీసి ఇవ్వాలి, తిరిగి వచ్చినవి ఎక్కడివక్కడ సర్దాలి. ఆ బంట్రోతులను కుదర్చడం, పని నేర్పడం, ఎవరు ఏ పూట ఎక్కడ ఉండాలో చెప్పడం నా వంతు. మా పైన ఒక దొర. మంచివాడే గాని ముక్కోపి. ఎప్పుడు సెలవు అడిగినా ఒకటే మాట: "నీ పని చేయగల మనిషిని చూపించు, అప్పుడు వెళ్లు."

చూపించాను. ఒకడికి ఇంగ్లీషు అక్షరాలు నేర్పి, చీటీ చదివి పుస్తకం తెచ్చేదాకా తయారు చేశాను. అక్షరం ముక్క వచ్చిందని తెలిసి రైలు కంపెనీవాళ్లు ఎక్కువ జీతం ఆశపెట్టి తీసుకుపోయారు. ఇంకొకడిని తయారు చేస్తే వాడిని కోర్టువాళ్లు ఎగరేసుకుపోయారు. సొమ్మొకడిది, సోకొకడిది. "నువ్వు నడిపేది పుస్తకశాలా, బడా?" అని దొర ఎగతాళి చేశాడు. నా సెలవు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

దాంతో బుద్ధి వచ్చి, ఒక్కడికే అన్నీ నేర్పడం మానేశాను. అందరికీ అన్నీ నేర్పితే ఒకరు పోయినా పని ఆగదు కదా అనుకున్నాను. మధ్యాహ్నం పూట వరండాలో కూర్చోబెట్టి పలకలు ఇచ్చాను. మనది ఊరి బయట పేట అని వాళ్లకు తెలుసు. మొదట్లో నా చేతినుంచి పలక అందుకునేవాళ్లు కాదు. నేల మీద పెడితే తీసుకునేవాళ్లు. నాకు చాలా కష్టమనిపించింది అక్కా. అయినా నేర్పడం ఆపలేదు.

అక్షరాలకన్నా కష్టం, ఏ పుస్తకం ఎక్కడ ఉంటుందో గుర్తుంచుకోవడం. బీరువాలకు అంకెలు వేసి చూశాను, వాళ్ల తలకెక్కలేదు. చివరికి మన ఊళ్ల పేర్లు పెట్టాను. గుమ్మం పక్కన లెక్కల పుస్తకాల బీరువా కలువాయి. దాని పక్కన చట్టాలవి చేజర్ల. మధ్యలో నడిచే దారి పెన్న. పెన్న దాటితే వైద్యం పుస్తకాలు ఆత్మకూరు, ఆ వెనక దుత్తలూరు. నిచ్చెన వేసుకుని ఎక్కాల్సిన చరిత్ర పుస్తకాలు ఉదయగిరి. ఊళ్లుగా చెప్పేసరికి అందరికీ ఇట్టే పట్టుబడింది. మన సీమ మొహం చూడని అరవాయన కూడా "అది దుత్తలూరులో పై అరలో" అంటున్నాడు. నాకు నవ్వు వస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. రోజూ పెన్న దాటుతూనే ఉంటాను, మీ ఆత్మకూరు ముందు నిలబడుతూనే ఉంటాను. అక్కడ నువ్వు ఉండవు.

వీళ్లలో చెంగయ్య అని కలువాయి వైపు మనిషి ఉన్నాడు, నా ఈడువాడే. కరువులో గంజి పోసేచోటల్లా ఆగుతూ నడిచి పట్నం చేరాడు. మనిషి నిదానం, పట్టుదల మాత్రం గట్టిది. "ఏంది సామీ ఈ సముద్రపు గాలి, ఒళ్లంతా జిగటజిగటగా ఉండాది" అని వాడు గొణుగుతుంటే నాకు మన ఊరు వినిపిస్తుంది. వాడికి పని వచ్చిందని దొరతో చెప్పాను. "సరే. బుధవారమంతా నువ్వు లోపల అడుగు పెట్టకు. అతనే నడపాలి. సాయంత్రం వచ్చి చూస్తాను. బాగుంటే, మీ ఏరు పొంగకముందే వెళ్లు" అన్నాడు.

నేను సంబరంగా తల ఊపి వచ్చాను. దసరా రోజులని తెలుసు. పరీక్షలు దగ్గరపడ్డాయని మా పుస్తకశాల మూయలేదనీ తెలుసు. కానీ ఆ బుధవారమే మహర్నవమి అని నాకు తట్టలేదు. మనం ఏసుప్రభువును నమ్ముకున్నాక ఆ తిథులు మరిచిపోయాం. దొరకు అసలే తెలియదు.

సాయంత్రం దొర వెనకాలే లోపలికి వెళ్లాను. నేల కడిగి ముగ్గు పెట్టారు. కలువాయి నుంచి ఉదయగిరి దాకా ప్రతి బీరువాకూ పసుపూ కుంకుమా. నిచ్చెనకు బంతిపూల దండ. దొర ప్రాణంలా చూసుకునే పెద్ద నిఘంటువు అట్ట మీద కూడా బొట్లు. దాని ముందు బొరుగులు, శనగపప్పు, బెల్లం. పొద్దున్నుంచి ఒక్క పుస్తకం ఎవరికీ ఇవ్వలేదు. చదువుకునేవాళ్లు వరండాలో గోల పెడుతున్నారు.

"ఇదేనా నువ్వు నేర్పింది?" అని దొర నా మీదికి వచ్చాడు. ఇక సెలవు లేదు, అక్క నన్ను చూడదు అనుకున్నాను.

చెంగయ్య బెదరలేదు. చేతులు కట్టుకుని చెప్పాడు. "కొడవలి పట్టేవోడు ఈ పొద్దు కొడవలి ముట్టుకోడు. మడక దున్నేవోడు మడక కట్టడు. మాకు ఇయ్యే కదా దొరా పనిముట్లు! ఏడాది పొడుగునా ఈటి చేత చాకిరీ చేయించుకుంటా ఉండాము. ఒక్క పొద్దు ఈటికి సెలవు ఇయ్యకపోతే ఎట్టా?"

ఆ మాటలు దొరకు ఇంగ్లీషులో నేనే చెప్పాలి. మొదలుపెట్టాను. సెలవు అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. మూడుసార్లు మొదలుపెట్టాక గాని ఆ ఒక్క మాట బయటికి రాలేదు.

దొర నావైపు చూశాడు. తర్వాత బీరువాలు ఒక్కొక్కటే తెరిపించాడు. ప్రతి పుస్తకమూ దాని చోట అది ఉంది.

"నువ్వు ఇక్కడికి ఎప్పుడు వచ్చావు?" అని అడిగాడు.

"కరువుకు ముందు, దొరా."

"మధ్యలో ఊరికి వెళ్లావా?"

"లేదు, దొరా."

నిఘంటువు మీది పసుపును వేలితో తుడవబోయి ఊరుకున్నాడు. "పుస్తకాలకు సెలవిచ్చి నీకు ఇవ్వకపోతే న్యాయం కాదు. రేపు ఇదంతా శుభ్రం చేయించి బయలుదేరు" అని వెళ్లిపోయాడు.

దొర అటు వెళ్లగానే చెంగయ్య బొరుగులూ బెల్లమూ దోసెడు తీసి నా చేతిలో పెట్టాడు. నేల మీద కాదక్కా, చేతిలో. ఉపదేశిగారూ, ఈ ఒక్క ముక్క మీరు విననట్టు చదవండి: తిన్నాను.

చెంగయ్య పని బాగా చేస్తే నేను తిరిగి వచ్చేసరికి నా చోటు ఉండదని ఇక్కడి గుమాస్తా భయపెడుతున్నాడు. "నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకున్నావు" అంటాడు. కొంచెం భయంగానే ఉంది. అయినా ఆగను.

కాలవ పడవలో నెల్లూరు చేరి, అక్కడ బండి కట్టించుకుని, వరద రాకముందే పెన్న దాటుతాను. అవ్వకు పొగాకు తెస్తున్నాను, బావకు చెప్పకు. నాకు జొన్నసంకటి, గోంగూర ఉంటే చాలు. ఇక్కడి అన్నంతో కడుపు నిండుతుంది గాని తిన్నట్టుండదు. బావకు, అవ్వకు, పేటలో పెద్దలందరికీ నా దండాలు. పిల్లలకు ముద్దులు. దారిలో ఏ ఆపదా రాకుండా నన్ను దీవించు.

నేను వచ్చేదాకా పొయ్యి పొగలో కూర్చోకు, ఎండలోకి పోకు. ఉన్న చూపు నా కోసం దాచిపెట్టు. వచ్చి గడప ముందు నిలబడతాను. నోరు తెరవను. నువ్వే నన్ను చూసి, పేరు పెట్టి పిలవాలి.

నీ చేతి ముద్ద తిని పెరిగిన తమ్ముడు,
పెంచలయ్య