చెల్లిలో నా మూలుగ

జూలై 4
నా ఎముక మూలుగ చెల్లి సునీతకు ఎక్కించి తొంభై రోజులు. తెల్లకణాలు వచ్చాయి, ప్లేట్‌లెట్లు వచ్చాయి. ఎర్రకణాలే... హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ ఎనిమిది. మళ్లీ రక్తం ఎక్కించాలి.

డాక్టరమ్మ కాగితం మీద గీసి చెప్పింది. నాది బి, చెల్లిది ఓ. దాని ఒంట్లో మిగిలిన పాత యాంటీబాడీలు నా ఎర్రకణాలను మొలకలోనే చంపుతున్నాయి. "మూలుగ కలిస్తే చాలు, రక్తం గ్రూపు కలవకున్నా చేస్తం మేడం. కొందరికి ఇట్ల అయితది."
కొందరికి.

జూలై 6
తార్నాక నుంచి ఆటోలో నా ఎం.ఏ. విద్యార్థులు ఇద్దరు వచ్చారు, రక్తం ఇవ్వడానికి. ఇద్దరూ ఓ. నేను బయట కూర్చుని వాళ్ల బ్యాగులు పట్టుకున్నాను.

జూలై 9
సునీతకు కాస్త ఓపిక వచ్చింది.
"నీ నెత్తురు గూడ నీ లెక్కనే అక్కా. క్లాసుకు లేటుగ వస్తది."
నవ్వాను. తర్వాత అదే అంది —
"తమ్ముడిది ఓ నే గద. వాని మూలుగ కలువలేదంటివి... పాపం, ఎంత బాధపడ్డడో."
దుప్పటి మడతపెట్టాను. మళ్లీ విప్పి మడతపెట్టాను.

జూలై 10
ఇక్కడైనా రాసుకోవాలి. తమ్ముడు రవి అసలు మూలుగ పరీక్షకు శాంపిలే ఇవ్వలేదు. సీతాఫల్‌మండి స్టేషన్‌లో తల వంచుకుని, "నాకేమన్న అయితే పిల్లలేం గావాలక్కా" అన్నాడు. కలవలేదని సునీతతో చెప్పింది నేను. ఆ స్థితిలో దానికి తమ్ముడి మీద కోపం ఎందుకని.
అందుకేనా? వాడు నా మాట వినడు, దాని మాట వింటాడు. అది అడిగి ఉంటే... కలిసేదో లేదో కూడా తెలియదు.

జూలై 13
స్టెరాయిడ్లు పనిచేయలేదు. వారం వారం ఇచ్చిన ఇంజెక్షన్లూ అంతే. ఇక నా కణాలను అణచి ఉంచే మాత్రలు తగ్గిస్తారట. నా కణాలు లేచి, ఆ యాంటీబాడీలు చేసే దాని పాత కణాలను తుడిచేయాలి. అక్కడితో ఆగకపోతే దాని చర్మం మీద, పేగుల మీద పడతాయట. సునీత సంతకం పెట్టింది.

జూలై 19
వాన. వైవాలో విద్యార్థులు చెప్పిన ఒక్క జవాబూ వినలేదు.

జూలై 24
కొత్త ఎర్రకణాలు ఇంకా లేవు. అరచేతుల్లో మాత్రం ఎర్రటి దద్దుర్లు. నా కణాల పనే. మళ్లీ అడ్మిట్ చేశారు, లోపలికి ఎవరినీ పంపడం లేదు.

జూలై 26
రవి రక్తం ఇచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. ఇద్దరం దాని గది అద్దం ఇవతల నిలబడి ఫోన్ స్పీకర్‌లో పెట్టాం.
"ఏందిరా, సూదికి భయపడలేదా?" సునీత గొంతు. "నీ మూలుగ కలిసుంటే గింత లొల్లి లేకపోతుండె."
వాడు నా వైపు తిరిగాడు.
"ఏది కలువలేదక్కా?"
ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అద్దం అవతల సునీత మమ్మల్నిద్దరినీ చూస్తోంది.
నేను స్పీకర్ ఆపేశాను. రేపు ఎనిమిదింటికి సునీతకు మళ్లీ రక్తం శాంపిల్ తీస్తారు, ఎర్రకణాలు వచ్చాయేమో చూడటానికి.