పళ్లెంలో పిన్నీసులు

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున కర్నూలు బస్టాండులో నిలబడ్డాను, బస్సు కోసం కాదు. భుజం దగ్గర నేనే చింపుకున్న పైట, చేతిలో పళ్లెం నిండా పిన్నీసులు. పక్కన బోర్డు: "వీటితో మీకు తోచింది చేయండి. నేను కదలను, మాట్లాడను." దీన్ని ప్రదర్శన అంటారు. నువ్వుంటే పిచ్చి అనేదానివి.

కాలేజీ రోజుల్లో నేను బస్సెక్కే ముందు గుప్పిట్లో పిన్నీసు పెట్టేదానివి కదా. "ఎవుడన్నా మీద పడితే గుచ్చు. అరిస్తే నిన్నే అంటారు."

ఈరోజు ఒకడు పిన్నీసు తెరిచి, నవ్వుతూ నా చుట్టూ తిరిగాడు. జనం ఫోన్లు ఎత్తారు.

అప్పుడే బస్సు దిగిన ఓ ముసలమ్మ బోర్డు వైపు చూడనే లేదు.

"పిల్ల పైట చినిగిండాది, కండ్లు యాడ పెట్టుకున్నారప్పా?" అంటూ వాడి చేతిలోని పిన్నీసు లాక్కుంది. సూది నాకు తగలకుండా తన వేలు అడ్డం పెట్టి పైట కుట్టినట్టు కలిపింది. నువ్వూ నా వోణీకి అలాగే పెట్టేదానివి.

"ఏ బస్సుకు పోవల్ల పాపా?"

మాట్లాడనని రాసుకున్నదాన్ని, మన ఊరి పేరే నోటికొచ్చి "కడప" అనేశాను. దగ్గరుండి ఎక్కించింది.

కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. పళ్లెం అక్కడే మరిచిపోయాను. గుప్పిట ఖాళీగా ఉందక్కా.