పాప్పాత్తి బిడ్డ పటం

పెద్ద సీసాలో ఉండే ఫిల్ము కడిగే మందు, ఆ డెవలపర్, పారబోయండి. కొత్తది కలిపితే చిన్న సీసాల్లో మూతిదాకా నింపి బిరడా బిగించండి. సగం సీసాలో గాలి చేరి మందు చచ్చిపోతుంది. నీళ్లు కలిపి ఒకతూరి వాడినదాన్ని మళ్లీ సీసాలో పోయవద్దని ఎన్నోసార్లు చెప్పినాను. "ఆడదానికి ఏం తెలుసు" అన్నారు. నాకు చెప్పకుండా మళ్లీ పోసినారు. చీకటి గదిలో దాని రంగు మారింది నాకెట్లా తెలుస్తుంది?

నిన్న అందులోనే నా చెల్లెలు పాప్పాత్తి బిడ్డ ఫిల్ము కడిగినాను. తెల్ల చొక్కా తెలుస్తుంది, ముఖం లేదు. బిడ్డ పోయి తొమ్మిది దినాలు. వేరే పటం ఎవరి దగ్గరా లేదు.

పొద్దున రైలుకు విరుదునగర్ పోతున్నాను. చెల్లెలు అడిగితే నా చేయి తప్పిందని చెబుతాను. మీ పేరు ఎత్తను.

వెంకటమ్మాళ్

కూడు ఉట్టిలో ఉంది. రేపటినుంచి మీరే వండుకోండి.