సున్నా చెప్పిన వీధి

ప్రియమైన చదువుల తల్లికి,

నీ ఉత్తరం మీ వదిన పైకి చదువుతుంటే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ విన్నాను. లేకపోతే ఆసుపత్రి దుప్పటి ఒకటి మాడిపోయేది. చేతికందిన బ్యాంకు ఉద్యోగం వద్దంటావా? ఆర్థికశాస్త్రానికి పర్యావరణం తగిలించుకుని ఇంకో రెండేళ్లు చదువుతావా? ఆర్థికం చదివినవాడు బ్యాంకులో కూర్చుంటాడు. పర్యావరణం చదివినవాడు చెట్టుకింద కూర్చుంటాడు. రెండూ చదివినవాడు ఎక్కడ కూర్చుంటాడో చెప్పు, వచ్చి చూసిపోతాను.

గాలికీ నీటికీ విలువ కట్టడం నేర్పుతారని రాశావు. భేష్! మన లాండ్రీ వెనక మడుగులో కప్పలు తెల్లవార్లూ గోల చేస్తాయి కదా, వాటికి జీతమెంతో ముందు అది తేల్చు. పక్క కొట్టు టైలర్‌కి చెబితే సూది పారేసుకునేంత నవ్వాడు. నెలాఖరులోగా చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. పిచ్చి వేషాలు మాని చేరు.

నీ మేలు కోరడం తప్ప వేరే పనిలేని
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

కప్పల జీతం సంగతి తర్వాత. ముందు ఈ కబురు విను. మన మడుగుని పూడ్చి గోదాము కడతామని ఎవరో కంపెనీవాళ్లు అర్జీ పెట్టారు. ఆ మడుగు వీధివాళ్లకి ఎంత విలువైందో తేల్చమని పురపాలక ఆఫీసు ఈ కోర్సు నడిపే మా మేడంకి అప్పజెప్పింది. వచ్చే వారం ఆవిడ మనుషులు మీ దగ్గరికొస్తారు. మడుగు ఇలాగే ఉండాలంటే నెలకి ఎంతిస్తారని అడుగుతారు, ఆ ప్రశ్న ఆఫీసువాళ్లు ఇచ్చిందే. ఎవరూ వసూలు చెయ్యరు, మీ మనసులో దాని విలువెంతో తెలుసుకోడానికే. సొంత వీధని నన్ను రానివ్వలేదు.

వానొస్తే వీధి నీళ్లన్నీ పోయేది అందులోకే. నీ దుప్పట్లు ఆరేది ఆ గట్టు మీది గాలికే. గోదామొస్తే లారీల దుమ్ములో ఏం ఆరేస్తావు? వెటకారం ఒక్కరోజు అటకెక్కించి నిజంగా తోచింది చెప్పు అన్నయ్యా. నువ్వేమంటే వీధంతా అదే అంటుంది.

నీ మీద ఇంకా నమ్మకం ఉన్న
చెల్లి

*

ప్రియమైన మేధావికి,

వచ్చారు నీవాళ్లు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, ముఖంలో పెళ్లిచూపులకొచ్చినంత బెరుకు. నెలకెంతిస్తారండీ అని అడిగారు. ఒళ్లు మండింది. "మా మడుగు మా దగ్గరుండటానికి మేం డబ్బులిచ్చుకోవాలా? సున్నా రాసుకో" అన్నాను. టైలరూ సున్నా, టీ కొట్టు అక్కా సున్నా, వీధి వీధంతా సున్నాయే. పాపం, వాళ్లకి కూడికల శ్రమ కూడా లేకుండా చేశాం. ఇదేనా రెండేళ్లు చదివే చదువు?

బ్యాంకులో ఎప్పుడు చేరుతున్నావు?

నవ్వి నవ్వి పొట్ట నొప్పితో
అన్నయ్య

*

గౌరవనీయులైన లాండ్రీ యజమాని గారికి,

మీ సున్నాలు క్షేమంగా ఆఫీసుకి చేరాయి. ఈ వీధికి మడుగు అక్కర్లేదని రాసి, పూడ్చడానికి అధికారి సరేనన్నాడు.

అక్కర్లేక చెప్పిన సున్నా వేరు, ఒళ్లు మండి చెప్పిన సున్నా వేరు. రెండోది లెక్కలోకి తీసుకోకూడదు. మీరు వెక్కిరించిన చదువులో ఇది మొదటి పాఠం. ఉంచుకోడానికి ఎంతిస్తారని కాదు, ఎంతిస్తే వదులుకుంటారని అడగాలని మేడం నివేదికలో కూడా రాసింది. ఆ అధికారి చివరి పేజీలో అంకె తప్ప ఏమీ చదవలేదు. నేను వెళ్లి చెబితే, నువ్వు ఆ వీధి పిల్లవే కదా, నీ మాట చెల్లదన్నాడు. సున్నా చెప్పినవాళ్లే వచ్చి ఎందుకు చెప్పారో చెప్పాలట. అభ్యంతరాలు వినడానికి బుధవారం విచారణ పెట్టాడు. మీరు వెళ్లరులెండి, దుప్పట్లు ఆరేసుకోవాలి కదా, గట్టున్నన్నాళ్లు.

మీరే గెలిచారు. ఆ తర్వాతి సోమవారం బ్యాంకులో చేరుతున్నాను. ఇంత తెలివైన వీధికి నా చదువెందుకు?

ఇట్లు,
కాబోయే బ్యాంకు ఉద్యోగి

*

చెల్లీ,

నన్ను పట్టుకుని "మీరు" అన్నావు. అది చదివి మీ వదిన ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

బుధవారం కొట్టు మూసి వెళ్లాను. టైలర్‌నీ టీ కొట్టు అక్కనీ లాక్కెళ్లాను. అధికారి గారికి కళ్లజోళ్లు రెండు, చదివేది మాత్రం ఒక్క పేజీ. ఒళ్లు మండి సున్నా చెప్పామనీ, ఎంతిస్తే వదులుకుంటామో అడగాల్సిందనీ నీ ఉత్తరంలో ఉన్నదే గట్టిగా చెప్పాను. ఆయన నవ్వి, "సరే, ఎంతిస్తే వదులుకుంటావో చెప్పు" అన్నాడు.

పెద్ద అంకె చెప్పి నోరు మూయిద్దామని బస్సులోనే అనుకుని వెళ్లాను. తీరా అడిగితే ఆ అంకె చెప్పబుద్ధి కాలేదు. అమ్మ గట్టు మీద దుప్పట్లు ఆరేస్తుంటే వాటి మధ్య నువ్వు దాక్కోవడం, తడి దుప్పటికి నీ బురద చేతులు అంటుకుంటే అమ్మ తిడుతూనే నవ్వడం, అవే కళ్లముందు తిరిగాయి. "దీనికి అంకె లేదండీ, అదే రాసుకోండి" అన్నాను. వాణ్నీ అడిగారు, అక్కనీ అడిగారు. వాళ్లూ అదే అన్నారు.

అప్పుడు ఆ పెద్దమనిషి రెండో కళ్లజోడు పెట్టుకుని మీ మేడం నివేదిక మొదటి పేజీ తిప్పాడు. మా సున్నాలు కొట్టేశాడు. ప్రశ్న మార్చి మళ్లీ అడిగేదాకా మడుగులో తట్టెడు మట్టి పడకూడదని రాసిచ్చాడు.

పూర్తిగా గెలిచినట్టు కాదు, తెలుసు. మళ్లీ వస్తారు, మళ్లీ అడుగుతారు. ఈసారి అడగడం తెలిసినవాళ్లు ఉండాలి. సోమవారం ఆ బ్యాంకు గడప తొక్కావో, నీ గదికొచ్చి మరీ చెవి మెలేస్తాను. ఆ కోర్సులోనే చేరు. మీ చెల్లి ఏం చదువుతోందని నిన్న టైలర్ అడిగితే సగం చెప్పి నీళ్లు నమిలాను. ఆ రెండు చదువులూ కలిపి ఏమంటారో పెద్ద అక్షరాల్లో రాసి పంపు, కొట్టులో అతికిస్తాను.

రాత్రి కప్పలు మళ్లీ చెవులకి తూట్లు పొడిచాయి. కిటికీ మూస్తానని మీ వదిన లేస్తే, ఉండనీ అన్నాను.

ఇంకా నిన్ను వెక్కిరించడం మానని
అన్నయ్య