మొండోడి పక్కన చిట్టి

అమ్మా, కుక్కల టీచరమ్మా!

నువ్వు నూరేళ్లు చల్లగా ఉండాలి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. అయినా ఫోనులో చెబితే నా సంతోషం తీరదని రాస్తున్నాను.

మా అమ్మాయి ఇక్కడి ఆసుపత్రికి బదిలీ అయి, తన కుక్కపిల్ల చిట్టితో నా ఇంటికి వచ్చిందా, ఆరేళ్లుగా నా కంచం పక్కనే పెరిగిన మా కుక్క మొండోడు దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. "ఆదివారం దాకా చూస్తా నాన్నా. కుదరకపోతే దీన్ని తీసుకుని అద్దె గదికి పోతా" అంది. వెంటనే నీకు ఫోను చేశాను.

నువ్వొచ్చి కుక్కల్ని వదిలేసి నన్ను చూశావు. మొండోడు గుర్రుమన్నప్పుడల్లా "ఊరుకోరా" అని నేను బిస్కెట్టు పెట్టడం పట్టేశావు. "తాతగారూ, గుర్రుమంటే బిస్కెట్టు వస్తుందని మీరే నేర్పారు. వాడు క్లాసు ఫస్టు వచ్చాడు!" అన్నావు. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు సిగ్గేసింది.

నువ్వు చెప్పినట్టే రెంటినీ వీధికి చెరో పక్కన నడిపించాం. చిట్టిని చూసి ఊరుకుంటేనే బిస్కెట్టు. రోజూ ఇంకాస్త దగ్గరగా నడిపించాం. ఆదివారం పొద్దున నలుగురం కలిసే గుమ్మం దాటాం. మొండోడు చిట్టి చెవి వాసన చూసి, ఆవలించి, దాని పక్కనే పడుకున్నాడు తల్లీ!

మా అమ్మాయి పెట్టె తెరిచి బట్టలు బీరువాలో సర్దుతోంది. ఉంటావా అని నేను అడగలేదు, భయమేసింది. తనే అంది: "నాన్నా, కింద అర కూడా ఖాళీ చెయ్యి, చాలట్లేదు."

ఇంతకన్నా నాకేం కావాలమ్మా!

ఇట్లు,
సంతోషం పట్టలేని ఒక తండ్రి